విమానం అనే మాట మన దగ్గర ముందే ఉంది, మరి విమానం?

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు చిన్న పని చేద్దాం. ఫోన్ స్క్రీన్ పైనుంచి వేలితో కిందికి లాగండి. వైఫై, బ్లూటూత్, టార్చ్ పక్కన చిన్న విమానం బొమ్మ ఉంటుంది. మనం దాన్ని ఫ్లైట్ మోడ్ అంటాం, కొందరు ఏరోప్లేన్ మోడ్ అంటారు. ఇప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫోన్ భాష మార్చారనుకోండి. బొమ్మ అదే ఉంటుంది, కింద మాట మారిపోతుంది. ఫ్రెంచిలో ‘మోద్ అవియోఁ’. స్పానిష్‌లో ‘మోదో అవియోన్’. టర్కిష్‌లో ‘ఉచాక్ మోదు’. ఇండోనేషియా భాషలో ‘మోదె పెసావాత్’. ఒకే వస్తువు, ఎక్కడికక్కడ వేరే పేరు. ఇలా ఆడుకునేటప్పుడు మళ్ళీ తెలుగులోకి ఎలా రావాలో మాత్రం ముందే చూసి పెట్టుకోండి. నేను ఒకసారి థాయ్‌లో ఇరుక్కుపోయి అరగంట తిప్పలు పడ్డాను.

ఈ టాపిక్ నాకు ఎందుకు తట్టిందంటే, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. "ఏరోప్లేన్ అనే మాట ఇంగ్లీషులో పుట్టకముందే మన భాషల్లో విమానం అనే మాట ఉంది. వస్తువే లేకపోతే మాట ఎలా వస్తుంది? ఆలోచించండి, పది మందికి పంపండి." మా తమ్ముడు వరసైన ఇంటర్ కుర్రాడు దాని కింద నవ్వే ఎమోజీ పెట్టాడు. అంతే, పెదనాన్నకి కోపం వచ్చింది. రెండు రోజులు గ్రూపులో గొడవ. చివరికి ఆ అబ్బాయి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. పెళ్ళిలో కలిసినప్పుడు కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

నాకేమనిపించిందంటే, పెదనాన్న అడిగిన ప్రశ్న నిజంగా మంచి ప్రశ్న. దానికి ఎమోజీ జవాబు కాదు. వస్తువు కంటే ముందు మాట ఎలా ఉంటుంది? దీనికి జవాబు కావాలంటే మనం ఒక్క తెలుగులోనో సంస్కృతంలోనో చూస్తే సరిపోదు. ఆకాశంలో ఎగిరే యంత్రం వచ్చిందని తెలిసినప్పుడు ప్రపంచంలో మిగతా వాళ్ళు ఏం చేశారో చూడాలి. వాళ్ళకీ అప్పటికప్పుడు ఒక పేరు కావాల్సి వచ్చింది కదా.

ముందు ఏరోప్లేన్ సంగతి. ఇది ఇంగ్లీషు మాట అనుకుంటాం గానీ పుట్టింది ఫ్రాన్సులో. 1855లో జోసెఫ్ ప్లీన్ అనే ఆయన ఒక పేటెంట్‌లో ‘ఏరోప్లాన్’ అని రాశాడు. రైట్ సోదరులు ఎగిరింది 1903 డిసెంబర్ 17న. అంటే యంత్రం ఎగరడానికి 48 ఏళ్ళ ముందే పేరు వచ్చేసింది. పెదనాన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది, కానీ తొందరపడొద్దు.

ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చాక మొదట్లో దానికి అర్థమే వేరు. ‘ప్లేన్’ అంటే చదునైన తలం అని తీసుకుని, గాలిలో బరువును మోసే రెక్కని ‘ఏరోప్లేన్’ అన్నారు. మొత్తం యంత్రాన్ని కాదు, రెక్కని మాత్రమే. రైట్ సోదరులకి 1906లో వచ్చిన పేటెంట్ చూడండి. దాని పేరు ‘ఫ్లయింగ్ మెషీన్’, అంటే ఎగిరే యంత్రం. లోపల ‘ఏరోప్లేన్’ అన్న చోటల్లా వాళ్ళ ఉద్దేశం రెక్కల తలం. తర్వాత మెల్లగా రెక్క పేరు మొత్తానికి పేరైపోయింది. బండి చక్రాన్ని చూపించి ‘చక్రం ఎక్కాను’ అన్నట్టు అనుకోండి. అమెరికా వాళ్ళు దాన్ని ఇంకొంచెం చెక్కి ‘ఎయిర్‌ప్లేన్’ చేసుకున్నారు. అందుకే ఇప్పటికీ లండన్ స్పెల్లింగ్ ఒకటి, న్యూయార్క్ స్పెల్లింగ్ ఒకటి.

మరి ఫ్రెంచి వాళ్ళు తమ మాట ఇంగ్లీషుకి ఇచ్చేసి తాము ఏమంటున్నారు? ‘అవియోఁ’ అంటున్నారు. దీని వెనక క్లెమాఁ అదేర్ అనే ఇంజనీరు ఉన్నాడు. ఆయన గబ్బిలం రెక్కల్లాంటివి పెట్టి, ఆవిరి ఇంజన్ బిగించి ఒక యంత్రం చేశాడు. 1890 అక్టోబర్‌లో అది నేల విడిచి జానెడెత్తున ఓ 50 మీటర్లు పోయిందని చెబుతారు. దాన్ని ఎగరడం అనాలా, గెంతడం అనాలా అన్నది ఇప్పటికీ వాదనే. యంత్రం సంగతి ఎలా ఉన్నా, ఆయన పెట్టిన పేరు మాత్రం నిజంగా ఎగిరింది. లాటిన్‌లో ‘అవిస్’ అంటే పక్షి. దాని నుంచి ‘అవియోఁ’ చేశాడు. ఫ్రెంచి నుంచి అది స్పానిష్‌లోకి అవియోన్‌గా, పోర్చుగీసులోకి అవియావ్‌గా, రొమేనియాకి, సెర్బియాకి వెళ్ళింది. సరదా ఏంటంటే, స్పానిష్‌లో అవియోన్ అనే పేరుతో పిచ్చుకంత పిట్ట ఒకటి ముందునుంచీ ఉంది. ఇళ్ళ చూరుల కింద మట్టితో గూడు కట్టుకునే రకం. ఇప్పటికీ దాని పేరు అదే. కాబట్టి స్పెయిన్‌లో ‘మా చూరు కింద అవియోన్ గూడు పెట్టింది’ అంటే ఎవరూ పైకి చూసి భయపడరు.

ఈ అవియోఁ అనే మాట మన ఇళ్ళలోకి కూడా వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదంతే. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో ఉత్తరాలు వచ్చే రోజుల్లో కవరు మీద నీలిరంగు స్టిక్కర్ ఉండేది. ‘పార్ అవియోఁ’ అని. విమానం ద్వారా అని అర్థం. ప్రపంచ తపాలా వ్యవహారానికి ఫ్రెంచి ఉమ్మడి భాష కాబట్టి అలా వేసేవాళ్ళు. ఇంట్లో పాత ఉత్తరాల కట్ట ఉంటే విప్పి చూడండి. ఇంకో మాట. విమానంలో ఉత్తరాలు అధికారికంగా మొట్టమొదట వెళ్ళింది మన దేశంలోనే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి యమున దాటి నైనీకి, ఓ పది కిలోమీటర్ల దూరం. వేలకొద్దీ ఉత్తరాలు. నడిపిన హెన్రీ పెకే, ఇంకెవరు, ఫ్రెంచి వాడే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వద్దాం. రష్యా.

రష్యన్‌లో విమానాన్ని ‘సమల్యోత్’ అంటారు. ‘సమ’ అంటే తనంతట తానే, ‘ల్యోత్’ అంటే ఎగరడం. తానే ఎగిరేది. మొదట్లో రష్యా వాళ్ళు కూడా అందరిలాగే ‘ఏరోప్లాన్’ అనేవారు. తర్వాత ఈ సమల్యోత్ దాన్ని పక్కకి నెట్టేసింది. మరి సమల్యోత్‌ని ఎవరైనా ఇంజనీరు కొత్తగా కనిపెట్టాడా? లేదు. అది వాళ్ళ జానపద కథల్లో మాట. రష్యన్ కథల్లో ఎగిరే తివాచీ ఉంటుంది. దాని పేరు ‘కవ్యోర్ సమల్యోత్’, అంటే తానే ఎగిరే తివాచీ. మన పాతాళభైరవి తరహా వ్యవహారం. విక్తర్ వస్నెత్సోవ్ అనే చిత్రకారుడు 1880లో ఆ తివాచీ మీద ఎగిరిపోతున్న రాకుమారుడి బొమ్మ వేశాడు. ఆ చిత్రం పేరులోనే ఈరోజు విమానానికి వాడే మాట ఉంది. రైట్ సోదరులకి 23 ఏళ్ళ ముందు!

అంతే కాదు. నదికి అడ్డంగా తాడు కట్టి, ప్రవాహం తోస్తే దానంతట అదే ఆ ఒడ్డుకి పోయే బల్లకట్టుని కూడా సమల్యోత్ అనేవారు. వోల్గా నది మీద 19వ శతాబ్దంలోనే సమల్యోత్ అనే పేరుతో స్టీమర్ల కంపెనీ నడిచింది. ఆ స్టీమర్లు ఎగరలేదు, పొగ వదులుతూ నీళ్ళలోనే పోయాయి. వేగంగా పోతాయని గొప్పగా పెట్టుకున్న పేరు.

ఇప్పుడు పెదనాన్నని అడగాలనిపిస్తుంది. సమల్యోత్ అనే మాట ముందే ఉంది కాబట్టి రష్యాలో పూర్వం తివాచీలు ఎగిరేవా? ఎవరూ అలా అనుకోరు. రష్యా వాళ్ళు కూడా అనుకోరు. ఎగరాలనే కోరిక ఉంది, కథ ఉంది, కథలో మాట ఉంది. నిజంగా ఎగిరేది వచ్చినప్పుడు ఆ మాట తీసి దానికి తగిలించారు. చుట్టపక్కాల్లో పుట్టబోయే బిడ్డకి ముందే పేరు అనుకుని పెట్టుకుంటారు చూడండి, అలా.

మన విమానం కథ కూడా ఇదే. కాకపోతే మనది ఇంకా పాత మాట, ఇంకా పెద్ద ప్రయాణం చేసిన మాట. సంస్కృతంలో ‘మా’ అనే ధాతువుకి కొలవడం అని అర్థం. పరిమాణం, ప్రమాణం, కొలమానంలో ఉన్న మానం, అన్నీ దాని పిల్లలే. దానికి ముందు ‘వి’ చేరితే విమానం. కొలుస్తూ పోయేది, అంటే దాటుకుంటూ పోయేది. కొలవడానికీ పోవడానికీ సంబంధం ఏంటంటారా? వామనుడిని గుర్తు తెచ్చుకోండి. మూడడుగులతో లోకాలు కొలిచాడు అంటాం. అడుగు వేయడమే కొలవడం.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ మాటకి ఎగిరే రథం ఒక్కటే అర్థం కాదు. రామాయణంలో కుబేరుడి దగ్గర నుంచి రావణుడు లాక్కున్న పుష్పకం విమానమే. దేవతలు ఉండే మేడలూ విమానాలే. బౌద్ధుల పాళీ సాహిత్యంలో ‘విమానవత్థు’ అని ఒక గ్రంథం ఉంది, అదంతా పుణ్యం చేసినవాళ్ళకి పైలోకంలో దొరికే భవనాల గురించి. గుడిలో గర్భగుడి మీద లేచే గోపురం కూడా విమానమే. తిరుమల వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆనంద నిలయ విమానం మీద విమాన వేంకటేశ్వరుడిని చూసి దండం పెట్టుకునే బయటికి వస్తాం. ఆ బంగారు విమానం ఎక్కడికీ ఎగరదు. అక్కడే ఉంటుంది, అక్కడే ఉండాలి కూడా. అంటే మాట ఒకటే, ఎగిరేదానికీ అదే, రాతితో కట్టినదానికీ అదే. 20వ శతాబ్దంలో యంత్రం వచ్చాక ఆ అర్థాల్లో ఒకటి ముందుకి వచ్చి మిగతావాటిని వెనక్కి నెట్టింది.

థాయ్‌లాండ్‌కి వెళ్తే దీనికి రుజువు కళ్ళ ముందే దొరుకుతుంది. అక్కడా మన విమానం ఉంది, ‘విమాన్’ అంటారు. కానీ వాళ్ళకి ఈరోజుకీ అది స్వర్గంలో మేడ, అంతే. నిజం విమానాన్ని ‘ఖ్రుయాంగ్ బిన్’ అంటారు. ఎగిరే యంత్రం అని అచ్చ థాయ్‌లో. కాస్త అధికారికంగా చెప్పాలంటే ‘ఆకాత్సయాన్’. ఈ మాట నెమ్మదిగా పలికి చూడండి. ఆకాశయానం! మనం యానం అంటే ప్రయాణం అనుకుంటాం, వాళ్ళు వాహనం అనే పాత అర్థాన్ని పట్టుకున్నారు. శ్రీలంకలో సింహళ వాళ్ళు ‘గువన్ యానయ’ అంటారు, అందులోనూ అదే యానం. బర్మా మాటలో కూడా ‘యిన్’ అనే ముక్కగా ఇదే దాక్కుని ఉంది. బంగ్లాదేశ్‌లో మాత్రం మనలాగే, వ బదులు బ పలుకుతారు కాబట్టి ‘బిమాన్’. 1972లో పెట్టిన వాళ్ళ ప్రభుత్వ ఎయిర్‌లైన్స్ పేరే బిమాన్.

ఒకే సంస్కృత మాట తెలుగు, కన్నడ, మరాఠీ, బెంగాలీ వాళ్ళకి యంత్రమైంది, థాయ్ వాళ్ళకి మేడగా మిగిలింది. మాట వస్తువుకి రుజువైతే థాయ్ వాళ్ళ విమానం ఎక్కడికి పోయినట్టు?

ఇక్కడ ఎవరో ఒకరు వైమానిక శాస్త్రం పుస్తకం గురించి అడుగుతారు. అడగాలి కూడా. భరద్వాజ మహర్షి చెప్పినట్టుగా సుబ్బరాయ శాస్త్రి అనే ఆయన 20వ శతాబ్దం మొదట్లో చెప్పి రాయించిన పుస్తకం అది. 1918 నుంచి 1923 మధ్య రాయించినట్టు చెబుతారు. అందులో శకున, సుందర, రుక్మ, త్రిపుర అని విమానాల వివరాలు, బొమ్మలు ఉన్నాయి. 1974లో బెంగళూరు ఐఐఎస్సీ పరిశోధకులు దాన్ని ఎగతాళి చేయకుండా, ఓపిగ్గా, భాష వైపు నుంచీ ఇంజనీరింగ్ వైపు నుంచీ పరీక్షించారు. పుస్తకం 1904 కంటే పాతది కాదని, అందులో చెప్పిన విమానాలు ఎగరలేవని తేల్చారు. నాకు ఇందులో నచ్చింది వాళ్ళ పద్ధతి. బరువెంత, ఆకారమేంటి, ఎగరడానికి కావాల్సినవి ఉన్నాయా అని లెక్క చూశారు. నవ్వే ఎమోజీ పెట్టి ఊరుకోలేదు.

సరే, ఇప్పుడు పెదనాన్నకి సంతోషం కలిగించే సంగతి ఒకటి చెప్తాను. ఇరాన్‌లో విమానాన్ని ‘హవాపైమా’ అంటారు. హవా అంటే గాలి. పైమా అంటే కొలుస్తూ పోయేది. మళ్ళీ కొలత! ఇది ఊరికే కలిసిన పోలిక కాదు. పర్షియన్, సంస్కృతం అక్కచెల్లెళ్ళ లాంటి భాషలు. విమానంలో ఉన్న ‘మా’, పైమాలో ఉన్న ‘మా’ ఒకే పాత ధాతువు. అక్కడ ముందు ‘వి’ బదులు ఇంకో ఉపసర్గ చేరింది, అంతే తేడా. వేల ఏళ్ళ కిందట విడిపోయిన అక్కచెల్లెళ్ళు ఎగిరే యంత్రాన్ని చూసి, ఒకరినొకరు అడక్కుండానే ఒకే వేరు నుంచి పేరు తీశారు. ఆ పైమా మన ఊళ్ళ రెవెన్యూ రికార్డుల్లో కూడా తిరిగింది. పొలాలు కొలిచే పనిని పైమాయిషీ అనేవారు. గజల్ పాటల్లో వచ్చే పైమానా, అంటే మద్యం కొలిచి పోసే పాత్ర, అదీ దీని చుట్టమే. విమానం, పొలం కొలత, మందు గ్లాసు, ముగ్గురూ ఒకే ఇంటి వాళ్ళు.

ఇరాన్‌లో హవాపైమా రాకముందు ‘తయ్యారే’ అనేవారు. అది అరబ్బీ. ‘తార’ అంటే ఎగరడం అనే క్రియ నుంచి వచ్చింది, అరబ్బీలో ఈరోజుకీ విమానం ‘తాయిరా’నే. 1935లో ఇరాన్‌లో భాషా అకాడెమీ పెట్టి అరబ్బీ మాటల బదులు సొంత మాటలు తెచ్చే ఊపు మొదలైంది. ఆ కాలంలోనే తయ్యారే వెనక్కి పోయి హవాపైమా నిలబడింది. పక్కనే అఫ్గానిస్తాన్‌లో అదే పర్షియన్ మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ తయ్యారా అంటారు. ఉర్దూ వార్తల్లో కూడా తయ్యారా వినిపిస్తుంది. టర్కీ వాళ్ళు మరీ పట్టుదలగా చేశారు. 1925లో పెట్టిన వాళ్ళ వైమానిక సంఘం పేరులో తయ్యారె ఉంది, 1935లో పేరు మార్చి ఆ మాట తీసేశారు. విమానానికి ‘ఉచాక్’ అని ఎగరడం అనే సొంత క్రియ నుంచి చేసుకున్నారు. ఫోన్‌లో చూసిన ఉచాక్ మోదు అదే. అంటే ఆ చిన్న బొమ్మ కింద మాట వెనక ఒక ప్రభుత్వ నిర్ణయం, ఒక తరం వాళ్ళ అలవాటు మార్పు ఉన్నాయి. తాత ఒక మాట అంటే మనవడికి ఇంకో మాట.

హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి హవాయి జహాజ్ బాగా తెలుసు. హిందీ, ఉర్దూ, పంజాబీ అన్నిట్లో ఉంది. గాలి ఓడ అని అర్థం. ఇందులో జహాజ్ అనేది అరబ్బీలో అసలు ఓడ కాదు, సరంజామా, పరికరం. ప్రయాణానికి కావాల్సిన సామాను అంతా సర్దుకున్నది పర్షియన్‌కి వచ్చేసరికి ఓడ అయింది. అదే ధాతువు నుంచి పెళ్ళికూతురితో పంపే సామాను ‘జహేజ్’ అయింది, అదే హిందీలో దహేజ్, మన కట్నం. ఓడకీ కట్నానికీ చుట్టరికం ఉందన్నమాట. అరబ్బీలో మాత్రం ‘జిహాజ్’ ఇంకా పరికరమే. మీ చేతిలో ఉన్న ఫోన్ కూడా వాళ్ళ లెక్కలో ఒక జిహాజే.

ఓడనే ఆకాశంలోకి ఎక్కించినవాళ్ళు ఇంకా చాలా మంది ఉన్నారు. నైజీరియా వైపు హౌసా భాషలో విమానం ‘జిర్గిన్ సమా’, ఆకాశ పడవ. రైలు ‘జిర్గిన్ కసా’, నేల పడవ. లావోస్‌లో ఎగిరే పడవ. హవాయి దీవుల భాషలో ‘మోకులేలే’, అదీ ఎగిరే ఓడే. మలేషియాలో ‘కపల్ తెర్బాంగ్’, ఎగిరే కపల్. ఈ కపల్ ఎక్కడిదో తమిళం తెలిసినవాళ్ళు ఈపాటికి పట్టేసి ఉంటారు. తమిళంలో కప్పల్ అంటే ఓడ. తమిళ వర్తకులతో సముద్రం దాటి మలయా వెళ్ళి, అక్కడ స్థిరపడి, కొన్ని వందల ఏళ్ళ తర్వాత రెక్కలు తెచ్చుకుంది. మన పక్కింటి మాట కౌలాలంపూర్ ఆకాశంలో ఎగురుతోంది. ఇది పెదనాన్న ఫార్వర్డ్ కంటే గొప్పగా లేదూ? నిజం కూడా.

కొరియన్ డ్రామాలు చూసేవాళ్ళు ‘బిహెంగి’ వినే ఉంటారు. జపాన్‌లో ‘హికోకి’, చైనాలో ‘ఫెయిజి’. పలకడం వేరుగా ఉన్నా, చివర గి, కి, జి మూడూ ఒకే చైనా అక్షరం. యంత్రం అని అర్థం.

తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ వాళ్ళు ఇంత శ్రమ పడలేదు. వాళ్ళకి పక్షి ‘న్దెగె’. విమానమూ న్దెగెనే. ఎయిర్‌పోర్ట్‌ని పక్షుల మైదానం అని అర్థం వచ్చేలా పిలుస్తారు. అమెరికాలో నవాహో ప్రజలది ఇంకో దారి. కారు మొదటిసారి వచ్చినప్పుడు దాని ఇంజన్ చప్పుడుని బట్టి ‘చిదీ’ అన్నారట. తర్వాత విమానం వచ్చింది. దానికి ఎగిరే చిదీ అని పేరు పెట్టారు. ఎగిరే కారు.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె విమానం అనేది కాదు, ఏరోప్లేన్ అనేది కాదు. వాకిట్లో మంచం మీద పడుకుని పైన చప్పుడు వినబడితే "గాలిమోటరు పోతుందిరా" అనేది. తెలంగాణలో చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళ నోట ఈ మాట వినొచ్చు. రోడ్డు మీద పోయే బస్సూ కారూ మోటరు, గాలిలో పోయేది గాలిమోటరు. చిన్నప్పుడు మేం నవ్వేవాళ్ళం, అమ్మమ్మకి ఇంగ్లీషు రాదని. ఇప్పుడు చూస్తే ఆమె చేసిన పనీ, నవాహో వాళ్ళు చేసిన పనీ అక్షరాలా ఒకటే. మోటర్ అనే అరువు మాటకి గాలి అనే సొంత మాట అతికించి, ఎవరినీ అడక్కుండా ఒక మాట తయారుచేసుకున్నారు ఆ తరం వాళ్ళు. విమానం పుస్తకంలోంచి వచ్చింది, గాలిమోటరు మంచం మీంచి వచ్చింది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం, ఏం చేయను.

అరువు తెచ్చుకున్న మాటని మనకి కావాల్సినట్టు విరుచుకోవడం ఒక్క మనకే అలవాటు కాదు. హెలికాప్టర్ చూడండి. 1861లో పొంతోఁ దమెకూర్ అనే ఫ్రెంచి ఆయన రెండు గ్రీకు మాటలు కలిపి చేశాడు. ‘హెలిక్స్’ అంటే మెలికలు తిరిగినది, ‘ప్తెరాన్’ అంటే రెక్క. కాబట్టి విరవాల్సిన చోటు హెలికో, ప్టర్. జురాసిక్ సినిమాల్లో ఎగిరే టెరోడాక్టిల్ పేరు మొదట్లో ఉన్నదీ ఈ రెక్కే. కానీ జనం హెలి, కాప్టర్ అని విరిచారు. విరిచాక రెండు ముక్కలూ సొంతంగా బతకడం మొదలుపెట్టాయి. ఒకటి పోయి హెలిప్యాడ్ అయింది, ఇంకోటి క్వాడ్‌కాప్టర్ అయింది. గ్రీకు పండితుడికి గుండె తరుక్కుపోతుంది, భాషకి మాత్రం ఏం కాలేదు.

మరి ఈరోజు మనం మాట్లాడేటప్పుడు ఏమంటున్నాం? నిజం చెప్పండి. "రేపు పొద్దున ఆరింటికి ఫ్లైట్", "అదిగో ఫ్లైట్ పోతోంది". విమానం అని నోటితో అనేది చాలా తక్కువ, పేపర్లో చదువుతాం అంతే. ఇంగ్లీషులో ఫ్లైట్ అంటే ప్రధానంగా ప్రయాణం, ఎగరడం. పైన కనబడే వస్తువుని చూపించి వాళ్ళు ఫ్లైట్ అనరు, ప్లేన్ అంటారు. మనం ఆ ప్రయాణం పేరునే వస్తువుకి పెట్టేశాం. ఇది తప్పా అని ఒకాయన పోయిన ఎపిసోడ్ కింద అడిగారు. రెక్క పేరు మొత్తం యంత్రానికి పెట్టిన ఇంగ్లీషు వాళ్ళని ఎవరూ తప్పు అనలేదు కదండీ. పరికరాన్ని ఓడ చేసిన పర్షియన్ వాళ్ళని కూడా అనలేదు.

పెదనాన్న సంగతి చెప్పాలి. ఈ స్క్రిప్ట్ రాసుకుంటున్నప్పుడు ఆయనకి ఫోన్ చేశాను. ఎగిరే తివాచీ కథ చెప్పాను, హవాపైమా చెప్పాను. తివాచీ దగ్గర "ఊఁ" అన్నారు, అంతకు మించి ఏమీ అనలేదు. పైమాయిషీ దగ్గర మాత్రం గొంతు మారింది. వాళ్ళ నాన్నగారు పట్వారీ దగ్గర పని చేసేవారట, ఆ మాట ఇంట్లో రోజూ వినేవారట. ఇరవై నిమిషాలు పొలం కొలతలే మాట్లాడారు. చివర్లో "వాడికి కూడా చెప్పు ఇవన్నీ" అన్నారు. వాడు అంటే గ్రూపులోంచి వెళ్ళిపోయిన కుర్రాడు. నేను చెప్పను, మీరే ఫోన్ చేయండి అన్నాను. చేశారో లేదో ఇంకా తెలీదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు విమానాన్ని ఏమనేవాళ్ళు? గాలిమోటరేనా, ఇంకేదైనా ఉందా? ఊరి పేరుతో సహా కింద రాయండి, శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, బొంబాయి, దుబాయ్‌లో ఉన్నవాళ్ళు కూడా. వచ్చే ఎపిసోడ్ రైలు గురించి. ధూమశకటం అని ఎవరైనా నిజంగా అన్నారా, లేక వెక్కిరించడానికే ఆ మాట పెట్టుకున్నామా అనేది చూద్దాం. ఉంటాను.